ఇరాకీ కుటుంబం నాటకానికి నటుల ఎంపిక: ముఖం చూసే ముందు మాట వినండి

ప్రశ్న ఇదీ: డెట్రాయిట్ శివార్లలో ఒక ఔత్సాహిక నాటక బృందం ఇరాకీ కుటుంబం మీద కొత్త నాటకం వేస్తోంది. నాటకం ఇంగ్లీషులో, మధ్యమధ్య అరబిక్ మాటలు. మొదటి అంకం 2006లో బగ్దాద్‌లోని కర్రాదా పేట, రెండో అంకం 2011లో డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బోర్న్. పాత్రలు ఆరు: డెబ్బై దాటిన నాయనమ్మ బీబీ, తండ్రి అబూ సలాం, తల్లి ఉమ్ సలాం, ఇరవై నాలుగేళ్ళ కూతురు, మొదటి అంకంలో పదేళ్ళు రెండో అంకంలో పదిహేనేళ్ళు ఉండే చిన్న కొడుకు, శరణార్థుల సంస్థ నుంచి వచ్చే అమెరికన్ ఉద్యోగి. పెద్ద కొడుకు సలాం నాటకం మొదలయ్యేనాటికే కనపడకుండా పోయాడు, స్టేజి మీదికి రాడు. "మా తెలుగు మిత్రుల్లో ముగ్గురు బాగా నటిస్తారు, చూడ్డానికి అరబ్బుల్లాగే ఉంటారు. వాళ్ళతో సరిపెట్టుకోవచ్చా? అసలు ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి?"

చూడ్డానికి సరిపోతారేమో గానీ, చూపుతో తేలే విషయం కాదిది. ఇరాకీల్లో మోసుల్ వైపు తెల్లగా, లేతకళ్ళతో ఉండేవాళ్ళున్నారు. బస్రాలో ఆఫ్రికా మూలాలున్న నల్లటి ఇరాకీలున్నారు. మధ్యలో మనలాంటి చామనచాయ వాళ్ళూ ఉన్నారు. కాబట్టి రంగు ఎవరికీ అర్హత కాదు, అనర్హతా కాదు. తెల్లటి నటుడికి గోధుమ రంగు మేకప్ పూసే ఆలోచన ఎవరికైనా వస్తే మొదటి మీటింగులోనే కొట్టేయండి. ప్రేక్షకుల్లో ఇరాకీలు కూర్చుంటారు, డెట్రాయిట్ చుట్టుపక్కల కూర్చోకుండా ఎలా ఉంటారు? వాళ్ళు ముక్కూ మొహం పట్టించుకోరు. తల్లి నోట్లోంచి వచ్చే మొదటి అరబిక్ మాట దగ్గర మాత్రం నమ్మడమో మానడమో అయిపోతుంది.

నోటీసు రాయకముందే నాటక రచయితతో రెండు గంటలు కూర్చోండి. "ఇరాకీ కుటుంబం" అన్న మాట సరిపోదు. "భారతీయ కుటుంబం" అంటే మీకు ఏం తెలిసినట్టు? ఈ ఇల్లు సున్నీలదా, షియాలదా, క్రైస్తవులదా, కుర్దులదా? తల్లీ తండ్రీ ఒకే ఊరివాళ్ళా? బీబీ బగ్దాద్‌లోనే పుట్టిందా, దక్షిణాది నుంచి కాపురానికి వచ్చిందా? ఇంట్లో ఎవరు ఎంత చదివారు? 2006 ఎందుకు ముఖ్యమంటే, ఆ ఫిబ్రవరిలో సమర్రాలో షియాలకి పవిత్రమైన అస్కరీ దర్గా పేల్చివేత తరవాత బగ్దాద్‌లో పేటలు మతశాఖల వారీగా విడిపోయాయి. చెక్‌పోస్టులో పేరు చూసి ప్రాణం తీసిన రోజులవి. ఉమర్ అన్న పేరు సున్నీ అని చెప్పేస్తుంది, అబ్దుల్ హుసేన్ అన్న పేరు షియా అని చెప్పేస్తుంది. జనం దొంగ గుర్తింపు కార్డులు చేయించుకుని తిరిగారు. సలాం అన్న పేరు ఎవరికైనా ఉండొచ్చు. రచయిత దాన్ని కావాలనే పెట్టారా, యథాలాపంగా పెట్టారా అని అడగండి. కావాలనే పెట్టి ఉంటే, తండ్రి పాత్రధారి ఆ పేరుని ఎలా పలుకుతాడో ఆడిషన్‌లోనే వినాలి.

ఆ పేరు నాటకమంతా వినపడుతూనే ఉంటుంది మరి. అరబ్బుల ఇళ్ళల్లో పెద్దవాళ్ళని మొదటి కొడుకు పేరుతో పిలుస్తారు: అబూ సలాం అంటే సలాం నాన్న, ఉమ్ సలాం అంటే సలాం అమ్మ. మన పల్లెల్లో "ఒరే రాముడి నాన్నా" అన్నట్టే, కాకపోతే అక్కడ అది గౌరవం. సలాం లేడు. కానీ పొరుగువాడు తలుపు తట్టిన ప్రతిసారీ, భార్య టీకి పిలిచిన ప్రతిసారీ వాడి పేరు వస్తుంది. తండ్రి పాత్రకి ఇదే అసలు పరీక్ష. ఆడిషన్‌లో ఒక చిన్న పని పెట్టండి: నటుడు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు, ఎదుటి మనిషి నాలుగు వేర్వేరు పనులకి "అబూ సలాం" అని పిలుస్తాడు. ప్రతి పిలుపుకీ ఉలిక్కిపడి కళ్ళు తుడుచుకునేవాడు మీకు వద్దు. మూడు పిలుపులకి మామూలుగా "ఆఁ" అని, నాలుగోదానికి పేజీ తిప్పబోయిన చెయ్యి ఒక్క క్షణం ఆగేవాడు కావాలి.

ఇక భాష. ఇక్కడ రెండు వేరువేరు సమస్యలున్నాయి, చాలామంది కలిపేస్తారు.

మొదటిది ఇంగ్లీషు. ఇంట్లోవాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు స్టేజి మీద వినపడేది ఇంగ్లీషే అయినా కథలో అది అరబిక్. తల్లి కొడుకుతో తన సొంత భాషలో ధారాళంగా, వెటకారంగా, సామెతలతో మాట్లాడుతోంది. దాన్ని విరిగిన ఇంగ్లీషులో, అరబ్బు యాస పెట్టి పలికిస్తే ఆమె తన ఇంట్లోనే తెలివితక్కువ మనిషైపోతుంది. మొదటి అంకమంతా యాస లేకుండా, ఎవరి సహజమైన ఇంగ్లీషులో వాళ్ళు మాట్లాడాలి. రెండో అంకంలో అమెరికన్ ఉద్యోగి ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రమే నిజంగా ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. అప్పుడే యాసా, వెతుకులాటా, పొరపాట్లూ. నిన్నటిదాకా వాక్చాతుర్యంతో ఇల్లు నడిపిన తండ్రి ఫారం ముందు మూడు మాటల కోసం తడుముకుంటుంటే ప్రేక్షకుడికి అర్థమవుతుంది, వీళ్ళు పోగొట్టుకున్నది బగ్దాద్‌ని ఒక్కదాన్నే కాదని. అందుకే ఒకే నటుడి చేత ఈ రెండు రకాలూ ఒకే రోజు చదివించాలి. రెంటి మధ్య తేడా చూపలేనివాడు ఎంత బాగా ఏడ్చినా తండ్రి పాత్రకి పనికిరాడు.

రెండోది అరబిక్. మీ ఊళ్ళో "అరబిక్ వచ్చు" అని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది లెబనాన్ మూలాలవాళ్ళుంటారు, యెమెన్ వాళ్ళూ ఉంటారు. భాష ఒకటే, నుడికారం వేరు. లెబనాన్‌వాడు "కీఫక్" అని పలకరిస్తే ఇరాకీ "శ్లోనక్" అంటాడు. మాటకి మాట తీస్తే "నీ రంగెలా ఉంది" అని, అంటే ఎలా ఉన్నావని. ఆడమనిషినైతే "శ్లోనిచ్". ఆ చివరి చ-కారం ఇరాక్ ముద్ర. పుస్తకాల అరబిక్‌లో గొంతు లోతునుంచి వచ్చే క-కారం బగ్దాద్ ముస్లింల నోట గ అవుతుంది: గాల్ అంటే అన్నాడు, గలుబ్ అంటే గుండె. మామూలు క-కారం చాలా మాటల్లో చ అవుతుంది: చాన్ అంటే ఉండేవాడు, సిమచ్ అంటే చేప. ఉంది అనడానికి అకూ, లేదు అనడానికి మాకూ; రెండూ కలిపి "శకూ మాకూ" అంటే ఏంటి సంగతులు. ఇప్పుడు అనడానికి హస్సా, చాలా అనడానికి హవాయ. ఈ పది మాటలు తప్పితే ఇక ఏ శిక్షణా కాపాడదు. తండ్రి కరీంనగర్ యాసలో, కొడుకు గుంటూరు యాసలో మాట్లాడే తెలుగు నాటకం మీరు చూస్తూ కూర్చోగలరా? ఇదీ అంతే.

ఇరాక్ లోపల కూడా తేడాలున్నాయి. మోసుల్ వాళ్ళు ఆ గొంతు క-కారాన్ని అలాగే ఉంచుతారు, ర-కారాన్ని గొంతులో రాపిడిలా పలుకుతారు. బగ్దాద్ క్రైస్తవుల ఇంటి మాట ముస్లింల ఇంటి మాటకి కొంచెం వేరు. మీకు దగ్గర్లో స్టెర్లింగ్ హైట్స్‌లో, వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్‌లో ఉన్న కల్దియన్ క్రైస్తవులు ఇరాక్ నుంచి వచ్చినవాళ్ళే, చాలా కుటుంబాలకి మోసుల్ దగ్గర తెల్ కేప్ మూలం. వాళ్ళ ఇంటి భాష సూరెత్. అది అరమాయిక్ సంతతి భాష, అరబిక్ కాదు. పైగా వాళ్ళలో చాలామంది తమని అరబ్బులు అనుకోరు. "మీరు ఇరాకీ అరబ్బులే కదా" అని ఫోనులో మొదలుపెడితే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. డియర్‌బోర్న్‌లోని ఇరాకీ షియాల కథ వేరు. 1991 మార్చిలో సద్దాం మీద జరిగిన తిరుగుబాటు అణిచేశాక సరిహద్దు దాటి సౌదీలోని రఫ్హా శిబిరంలో ఏళ్ళ తరబడి ఉండి, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళు అందులో చాలామంది. దక్షిణాది యాస. మీ రచయిత ఇల్లు కర్రాదాలో పెట్టారు కాబట్టి బగ్దాద్ మాట తెలిసిన ఒక మనిషిని సలహాదారుగా ముందు పట్టుకోండి, నటుల్ని తరవాత.

ఆ సలహాదారుకి డబ్బివ్వాలి. "మీ సంస్కృతి గురించే కదా నాటకం, సాయం చెయ్యండి" అని ఊరికే చేయించుకోవడం మర్యాద కాదు. పనీ సగంలో ఆగుతుంది. లెక్క వేసుకోండి: స్క్రిప్టు చదవడానికి, రచయితతో కూర్చోవడానికి నాలుగు గంటలు, అరబిక్ మాటల రికార్డింగుకి మూడు, ఆడిషన్లకి ఎనిమిది, రిహార్సళ్ళలో పది. పాతిక గంటల పని. స్క్రిప్టులోని ప్రతి అరబిక్ మాటనీ ఆయన గొంతులోనో ఆమె గొంతులోనో రెండేసి సార్లు రికార్డు చేయించండి, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి మామూలు వేగంతో. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేర్వేరు రూపాలున్న చోట రెండూ. కుటుంబమంతా ఒకే గొంతు విని నేర్చుకుంటేనే ఒక ఇంటివాళ్ళలా వినపడతారు. ఎవరికి వాళ్ళు యూట్యూబులో వెతుక్కుంటే తల్లి కైరో, కొడుకు బేరూత్.

చిన్న కొడుక్కి ఇక్కడ మినహాయింపు ఉంది. రెండో అంకంలో వాడి అరబిక్ చెడాలి, అమెరికా నాలుక పడాలి. అది నటుడి లోపం కాదు, కథ. ఇక్కడ పుట్టిన పిల్లవాడు దొరికితే అది మీకు వరం.

ఇప్పుడు నోటీసు. "ఇరాకీలు మాత్రమే దరఖాస్తు చేయాలి" అని రాయకండి. డబ్బిచ్చే పని అయితే జాతి ఆధారంగా మనుషుల్ని తీసుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. మిషిగన్‌లో 1976 నాటి ఎలియట్-లార్సెన్ చట్టం మతం, పుట్టిన దేశం, వయసుతో పాటు ఎత్తు, బరువు కూడా చూడకూడని వాటి జాబితాలో చేర్చింది. పాత్రని వర్ణించండి, మనిషిని కాదు: "ఉమ్ సలాం, బగ్దాద్ గృహిణి, స్కూలు టీచరుగా పనిచేసింది, 45 నుంచి 55 ఏళ్ళ మనిషిలా కనపడాలి, బగ్దాద్ అరబిక్‌లో నలభై వాక్యాలు పలకాలి, పలకడం నేర్పుతాం. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాలున్న నటుల్ని ప్రత్యేకంగా ఆహ్వానిస్తున్నాం." ఆడిషన్ గదిలో "మీది ఏ ఊరు, సున్నీనా షియానా" అని అడగడం తప్పు. "బగ్దాద్ యాస పలకగలరా" అని అడగొచ్చు, అది నైపుణ్యం. మనవాళ్ళకి కులం ఆరా తీసే అలవాటు ఎంత సహజమో, ఇక్కడ ఆ ఆరా అంత ప్రమాదం.

అదే నోటీసులో దాచకుండా రాయాల్సినవి: స్టేజి మీద ఎవరు ఎవరిని ముట్టుకుంటారు, కౌగిలింత ఉందా, హిజాబ్ తీసే దృశ్యం ఉందా, అరక్ అనే మద్యం తాగే దృశ్యం ఉందా (నీళ్ళే పోస్తారని కూడా), సిగరెట్టుందా, పేలుడు శబ్దం ఉందా. ఇవి కాల్‌బ్యాక్‌లో (రెండో విడత ఆడిషన్‌లో) బయటపడితే మంచి నటి వెనక్కి వెళ్ళిపోతుంది, వెళ్ళి నలుగురికీ చెబుతుంది. పరాయి మగవాణ్ణి తాకనని చెప్పే నటి వస్తే పాత్ర ఇవ్వలేమని తేల్చేయకండి. ఆ తరం భార్యాభర్తలు అత్తగారి ముందు చేతులు పట్టుకుని తిరగరు. చాలా దృశ్యాలు ముట్టుకోకుండానే బాగుంటాయి.

పేలుడు శబ్దం గురించి ఇంకో మాట. వచ్చేవాళ్ళలో 2006ని స్క్రిప్టులో చదివినవాళ్ళూ ఉంటారు, దాన్లో బతికినవాళ్ళూ ఉంటారు. "మీ అనుభవం చెప్పండి, పాత్రకి పనికొస్తుంది" అని ఆడిషన్‌లో అడగవద్దు. అది పరీక్ష కాదు, పుండు కెలకడం. పాత్ర చదవమనండి చాలు. అలాగే పేర్లూ ఫోటోలూ. కొందరికి ఇరాక్‌లో ఇంకా తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఉంటారు. పోస్టరు మీద అసలు పేరు వద్దనుకుంటే రంగస్థల పేరు పెట్టుకోవచ్చని, సోషల్ మీడియాలో ఫోటో పెట్టేముందు సంతకంతో అనుమతి తీసుకుంటామని దరఖాస్తు ఫారంలోనే రాయండి. ఈ రెండు వాక్యాలు చూసి వచ్చేవాళ్ళు ఉంటారు.

నాటక బృందాల ఫేస్‌బుక్ గుంపులో నోటీసు పెట్టి కూర్చుంటే ఇరాకీలు రారు. ప్రారంభ ప్రదర్శనకి పధ్నాలుగు వారాల ముందు నోటీసు, ఆ తరవాత అయిదు వారాలు తిరుగుడు. డియర్‌బోర్న్‌లో వారెన్ అవెన్యూ మీది బేకరీలు, కిరాణాలు, మసీదులు, స్టెర్లింగ్ హైట్స్ వైపు కల్దియన్ చర్చిలు, కొత్తగా వచ్చినవాళ్ళ ఇంగ్లీషు తరగతులు, విశ్వవిద్యాలయాల్లో అరబిక్ విద్యార్థులు. డియర్‌బోర్న్‌లోనే 2005లో తెరిచిన అరబ్ అమెరికన్ జాతీయ మ్యూజియం ఉంది, అక్కడ సాంస్కృతిక కార్యక్రమాలకి వచ్చే జనం మీ ప్రేక్షకులు కూడా. కాగితం అంటించి రాకండి, మనిషితో మాట్లాడండి, నోటీసు అరబిక్‌లో కూడా ఉండాలి. ఇంకో సంగతి: బగ్దాద్‌కి గట్టి నాటక సంప్రదాయం ఉంది. లలిత కళల సంస్థలో నాటక శాఖ 1940లలోనే నడిచింది. యూసుఫ్ అల్ ఆనీ లాంటివాళ్ళు 1952లో ఆధునిక కళా నాటక బృందం పెట్టారు. ట్యాక్సీ నడుపుతున్న అరవయ్యేళ్ళాయన ఒకప్పుడు అక్కడ చదివి ఉండొచ్చు. ఔత్సాహికులనుకుని చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పకండి.

తేదీలు వేసేటప్పుడు రంజాన్ చూసుకోండి. 2027లో అది ఫిబ్రవరి రెండో వారం దగ్గర మొదలవ్వాలి. ఉపవాస సమయంలో సాయంత్రం ఆరింటికి రిహార్సల్ పెడితే ఇఫ్తార్ పోతుంది, ఎనిమిదిన్నరకి పెట్టండి. షియాలకి ముహర్రం మొదటి పది రోజులు సంతాపం, ఆ రోజుల్లో నాటకం ఆడమనడం బాగోదు. కల్దియన్లకి పెద్ద లెంట్‌కి (ఈస్టర్ ముందు ఉపవాస కాలానికి) మూడు వారాల ముందు బాఉథా అని మూడు రోజుల ఉపవాసం ఉంటుంది.

ఆడిషన్ రోజు ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు. కంఠస్థం చేసిన ఏకపాత్రాభినయం అడగొద్దు, అది నాటక పాఠశాలల అలవాటు, కొత్తవాళ్ళని భయపెడుతుంది. దృశ్యం తాలూకు రెండు పేజీలు మూడు రోజుల ముందే ఈమెయిలులో పంపండి. నాలుగు నిమిషాలు చదివించడం, అందులో మొదట నవ్వు పుట్టించే దృశ్యం. ఇరాకీ ఇంట్లో హాస్యం చేదుగా, వేగంగా ఉంటుంది. తల్లి పాత్రకి వచ్చేవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది మొదటి వాక్యం నుంచే శోకం మొదలుపెడతారు, టీవీ వార్తల్లో ఇరాకీ తల్లిని చూసింది అలాగే కాబట్టి. కరెంటు పోయిందని, జనరేటరువాడు డబ్బులు పెంచాడని మొగుడి మీద విసుక్కునే తల్లి దొరికితే, శోకం ఆమెకి తరవాత తానే వస్తుంది. ఆ తరవాత రెండు నిమిషాలు చెవి పరీక్ష: ఇరవై సెకన్ల రికార్డింగు వినిపించి, తిరిగి పలకమనడం, మూడు సార్లు. మొదటిసారి ఎలా పలికారన్నది ముఖ్యం కాదు, మూడోసారికి ఎంత దగ్గరికొచ్చారన్నది రాసుకోండి. మిగిలిన సమయం టీ పరీక్ష.

టీ పరీక్షకి ఆరు ఇస్తికాన్‌లు, సాసర్లు, చిన్న చెంచాలు కొనండి, అరబ్ కిరాణాల్లో దొరుకుతాయి. ఇస్తికాన్ అంటే నడుము సన్నగా, చెవి లేకుండా ఉండే బుల్లి గాజు గ్లాసు. అడుగున పంచదార ముందే వేసి, ఏలకుల వాసనున్న నల్లటి డికాక్షన్ పోస్తారు. చెంచాతో కలిపేటప్పుడు గాజు మీద గణగణ చప్పుడు. కాలుతుంది కాబట్టి అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంటారు. కాఫీ మగ్గు పట్టినట్టు పిడికిట్లో పట్టుకున్న నటుడు అమెరికాలో ఉన్నాడు, బగ్దాద్‌లో లేడు. బీబీ తరం వాళ్ళలో చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని తాగేవాళ్ళున్నారు, దాన్ని దిష్లమా అంటారు. నటి చేతికి నాలుగు గ్లాసుల ట్రే ఇచ్చి, గదిలో ముగ్గుర్ని కూర్చోబెట్టి, ఏ సూచనా ఇవ్వకుండా పంచమనండి. ముందు ఎవరికి ఇచ్చింది, ఎవరి కళ్ళలోకి చూసింది, వద్దన్న అతిథిని ఎన్నిసార్లు బతిమాలింది. తెలియకపోతే తప్పేం లేదు, చెప్పి రెండోసారి చేయించండి. ఒక్కసారి చెబితే చేతుల్లోకి దిగిందా లేదా, అదే చూడాలి.

మనవాళ్ళ నాలుకకి ఇబ్బంది ఎక్కడంటే, తెలుగులో ఖ ఒత్తు అక్షరం, అరబిక్‌లో అది గొంతులో గీకే రాపిడి. ఖాల అంటే పిన్ని. మనం "ఖాళీ" అన్నట్టు పలుకుతాం. తమాషా ఏంటంటే మన ఖాళీ కూడా అరబిక్ నుంచి వచ్చిన మాటే, వచ్చాక గొంతు మార్చుకుంది. ఐన్ అక్షరం ఇంకా కష్టం. "ఐనీ", అంటే నా కన్ను, మన "బంగారం" అన్నట్టు వాడే ముద్దుమాట. అది ప్రతి పేజీలోనూ వస్తుంది, గొంతు బిగించకుండా ఉత్త ఐ-కారంతో అంటే తేలిపోతుంది. గ, చ మాత్రం మనకి సులువు.

అందర్లోకీ దొరకడం కష్టమైన మనిషి బీబీ. ముప్ఫై అయిదేళ్ళ నటికి జుట్టు తెల్లగా పూసి కర్ర ఇవ్వకండి, మోకాళ్ళు అబద్ధం చెప్పేస్తాయి. నిజంగా పెద్దావిడ దొరికితే ఆమెకి ఇంగ్లీషు తక్కువని వదులుకోవద్దు. రచయితని అడిగి ఆమె ఇంగ్లీషు డైలాగులు తగ్గించి అరబిక్ పెంచండి, తెర మీద అనువాదం వేయండి. ఆమెకి కావలసినవి వేరే: స్క్రిప్టు మిగతావాళ్ళకన్నా నాలుగు వారాల ముందు, 18 పాయింట్ల అక్షరాల్లో, చలికాలపు రాత్రి మంచులో ఇంటికి దిగబెట్టే మనిషి, తెర వెనక వీపు ఆనే కుర్చీ, మందుల వేళ తెలిసిన ఒక సహాయకురాలు, మాట మరిచిపోతే పక్కన కూర్చున్న కూతురు పాత్రధారి ఆ మాట అందించే ఏర్పాటు. బీబీకి ప్రత్యామ్నాయ నటి తప్పనిసరి. మిగతా అయిదుగురికి లేకపోయినా నెట్టుకురావచ్చు.

చిన్న కొడుక్కి ఇద్దరు కావాలి. పదిహేనేళ్ళవాణ్ణి పదేళ్ళవాడిగా చూపించడం స్టేజి మీద కుదరదు. ఇద్దరికీ పోలిక ముక్కులో వెతక్కండి. మొదటి రిహార్సల్లో చిన్నవాడికి అలవాటుగా ఉన్న ఒక చేష్ట పట్టుకుని, చొక్కా అంచు నలపడమో, గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడడమో, పెద్దవాడికి నేర్పండి. రెండో అంకం తెర లేవగానే పెద్దవాడు ఆ పని చేస్తూ కనపడితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చిన్నవాడి అమ్మానాన్నల్లో ఒకరు ప్రతి రిహార్సల్‌కీ ఉండాలి, పేలుడు శబ్దం వాడికి ముందు తక్కువ స్థాయిలో, వెలుతురులో వినిపించాలి.

కాల్‌బ్యాక్‌లో ఒక్కొక్కర్ని మళ్ళీ చదివించడం టైము దండగ. కుటుంబాలుగా పిలవండి. ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు, ఇద్దరు కూతుళ్ళు ఉంటే ఎనిమిది కూర్పులవుతాయి, అందులో మీకు నమ్మకమున్న మూడు కూర్పులకి నలభై నిమిషాల చొప్పున ఇవ్వండి. మొదటి పది నిమిషాలు దృశ్యం వద్దు. భోజనానికి చాప పరిచి, పళ్ళాలు సర్దమనండి, మాట్లాడకుండా. ఎవరు ఎవరికి అడ్డమొస్తున్నారు, ఎవరు ఎవరి వస్తువు అడక్కుండా తీసుకున్నారు చూడండి. ఇంటివాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటారు, పరాయివాళ్ళు థాంక్స్ చెబుతారు. ఇక్కడ జరిగే పెద్ద తప్పు, విడివిడిగా బాగా చేసిన అయిదుగుర్ని పేర్చి కుటుంబం అనుకోవడం. తండ్రి కొంచెం తక్కువ నటుడైనా తల్లితో కుదిరినవాణ్ణే తీసుకోండి.

ఖాయం చేసే క్రమం: మొదట బీబీ, తల్లి, ఆ తరవాత తండ్రి, కూతురు, ఆఖరున అబ్బాయిలు. ఎందుకంటే మొదటి ఇద్దరికీ మనుషులు తక్కువ, మిగతావాళ్ళని వాళ్ళకి తగ్గట్టు మార్చుకోవచ్చు. జవాబుకి 48 గంటలు గడువివ్వండి. అందరూ ఒప్పుకునేదాకా ఎవరికీ "క్షమించండి" ఈమెయిలు పంపకండి.

ఇక మీ ముగ్గురు మిత్రులు. అమెరికన్ ఉద్యోగి తెల్లవాడే అయి ఉండాలని స్క్రిప్టులో లేకపోతే, ఆ పాత్రకి ఒకరు సరిగ్గా సరిపోతారు. నిన్నమొన్న తానూ వలస వచ్చిన మనిషి ఫారం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఆ దృశ్యానికి ఇంకో పదును వస్తుంది. అయిదు వారాలు నిజంగా వెతికి కూడా తండ్రి పాత్రకి ఎవరూ దొరక్కపోతే ఇంకొకర్ని చూడొచ్చు, సలహాదారు విని ఒప్పుకుంటేనే. ఒక సంగతి మాత్రం ముందే తేల్చుకోండి: మీలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు పారితోషికం తీసుకోకూడదు, అది ఎంత చిన్న మొత్తమైనా సరే. వాళ్ళ పని అనుమతి వాళ్ళ కంపెనీకే పరిమితం. ఈఏడీ (పని అనుమతి కార్డు) లేని హెచ్4 వాళ్ళకీ అంతే. నటులకి తలో రెండొందల డాలర్లు ఇద్దామని బృందం నిర్ణయించి ఉంటే, సంతకాలు పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయరుకి ఒక ఫోను చేయండి.